విస్తులా తీరము నుండి నల్లగొండ వరకు: గ్దాన్‌స్క్ వర్తక నగరపు వారసత్వము, మన సంఘ చరిత్ర

పరిచయము

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సంఘ చరిత్రను చెప్పుకొనేటప్పుడు మనము సాధారణముగా 1890వ సంవత్సరముతో మొదలుపెడతాము. ఆ సంవత్సరములో అబ్రాహాము ఫ్రీసెన్, ఆయన భార్య మరియ నల్లగొండలో నివాసమేర్పరచుకొని సేవ ప్రారంభించారు. వారు వచ్చింది దక్షిణ రష్యా నుండి. మాట్లాడింది జర్మన్ భాష. పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు మిషను తరఫున. ఒక్క దంపతుల చరిత్రలో మూడు దేశాల పేర్లు ఎందుకు కలిశాయని ఒక విద్యార్థి అడిగితే జవాబు కొరకు మనము చాలా వెనుకకు వెళ్లవలసి ఉంటుంది. అలా వెళ్లినప్పుడు మనము చేరే స్థలము బాల్టిక్ సముద్రపు ఒడ్డున, విస్తులా నది ముఖద్వారము దగ్గర ఉన్న ఒక పాత వర్తక నగరము. పోలిష్ భాషలో దాని పేరు గ్దాన్‌స్క్. జర్మన్ భాషలో డాన్‌జిగ్.

ఈ వ్యాసములో మనము ఆ నగరము ఎలా పెరిగిందో, అక్కడ నేటికీ చూడదగినవి ఏమిటో, నల్లగొండకు వచ్చిన విశ్వాసుల పూర్వికులు అక్కడ ఎలా బ్రతికారో పరిశీలిద్దాము. ఆ నగరము వారిని పనివారిగా రానిచ్చింది గాని పౌరులుగా చేర్చుకోలేదు. వలస అంటే ఏమిటో తెలిసిన పాలమూరు సంఘాలు ఈ చరిత్రను పరాయి చరిత్రగా చదవలేవు.

1. నగరము ఎలా పెరిగింది?

గ్దాన్‌స్క్ పేరు చరిత్రలో మొదట కనిపించేది 997వ సంవత్సరములో. అదికూడా ఒక మిషనెరీ చరిత్రలోనే. ప్రాగ్ నగర బిషప్పు అడాల్బర్ట్ ప్రష్యను తెగల మధ్యకు సువార్త తీసుకొని వెళుతూ దారిలో ఈ ఊరిలో ఆగి అనేకులకు బాప్తిస్మమిచ్చాడు. అదే సంవత్సరము ఆయన ప్రష్యనుల చేతిలో హతసాక్షి అయ్యాడు.

1308లో ట్యూటానిక్ యోధుల సంఘము ఈ నగరాన్ని రక్తపాతముతో స్వాధీనము చేసుకున్నది. వీరు సిలువ గుర్తు ధరించి కత్తి పట్టినవారు. వారి పాలనలోనే 1361లో నగరము ఉత్తర ఐరోపా వర్తక పట్టణాల కూటమి అయిన హన్సాలో చేరింది. కాని వర్తకులకు ఆ యోధుల పన్నులు, కట్టుబాట్లు భారమయ్యాయి. 1454లో నగరము తిరుగుబాటు చేసి పోలండ్ రాజు నాల్గవ కజిమిర్‌ను ఆశ్రయించింది. పదమూడేండ్ల యుద్ధము 1466లో ముగిసింది. అటు తరువాత 1793 వరకు, మూడు శతాబ్దాలకు పైగా, గ్దాన్‌స్క్ పోలండ్ రాజు క్రింద ఉంటూనే తన న్యాయము, తన నాణెము, తన ఓడరేవు తానే చూచుకొన్నది.

2. ధాన్యము, ఓడలు, మచిలీపట్నము

నగరపు ఐశ్వర్యానికి మూలము నది. విస్తులా పొడవు సుమారు 1,047 కిలోమీటర్లు. పోలండ్ మైదానాలలో పండిన రై ధాన్యాన్ని పడవలలో, తెప్పలలో నింపి ప్రవాహము వెంబడి గ్దాన్‌స్క్‌కు తెచ్చేవారు. అక్కడి గిడ్డంగులలో నిలువచేసి డచ్చి ఓడలకు అమ్మేవారు. ఈ ఎగుమతి 1618లో శిఖరానికి చేరింది. పండించినది రైతులు, అందులో అనేకులు భూస్వాముల పొలాలలో వెట్టి చేసేవారు. లాభము భూస్వామికీ, నగర వర్తకునికీ దక్కేది. నైజాము పాలనలో వెట్టిచాకిరీ చూసిన నల్లగొండ జిల్లా వారికి ఈ ఏర్పాటు గురించి వివరించి చెప్పనక్కరలేదు.

ఈ బాల్టిక్ ధాన్య వ్యాపారాన్ని డచ్చివారు తమ వ్యాపారాలన్నిటికీ తల్లి అని పిలిచేవారు. ఆమ్‌స్టర్‌డామ్ ప్రజలు తిన్న రొట్టె ఎక్కువ భాగము ఆ ధాన్యముదే. అదే డచ్చివారు 1605-06లో మచిలీపట్నములో వర్తక స్థావరము ఏర్పరచుకొని తెలుగు నేతగాళ్ల వస్త్రాలు కొన్నారు. మచిలీపట్నము నుండి గోల్కొండకు సాగిన వర్తక మార్గము నల్లగొండ ప్రాంతము మీదుగానే వెళ్లింది. కాబట్టి ఒక కొసన విస్తులా ధాన్యము, మరొక కొసన తెలుగు వస్త్రము, మధ్యలో డచ్చి ఓడ ఉన్నాయి. సువార్తికులు రాకముందే వర్తకము ఈ రెండు నేలలను ఒకే లెక్కల పుస్తకములోకి చేర్చింది.

3. చూడదగిన స్థలాలు

నేడు గ్దాన్‌స్క్ సుమారు 4 లక్షల 80 వేల జనాభా గల ఓడరేవు నగరము. సందర్శకులు ముఖ్యముగా చూచే స్థలాలను మనము కొద్దిగా పరిచయము చేసుకొందాము.

మొదటిది మోత్వావా నది ఒడ్డున ఉన్న పాత చెక్క క్రేను. దీనిని 1442-44 మధ్య కట్టారు. లోపల మనిషి ఎత్తును మించిన పెద్ద చక్రాలున్నాయి. కూలీలు ఆ చక్రాల లోపల నిలబడి నడుస్తూ ఉంటే తాళ్లు చుట్టుకొని ఓడలోని బరువు పైకి లేచేది. నగరపు సంపదనంతా ఎత్తింది ఆ కూలీల కాళ్లే అని ఆ యంత్రాన్ని చూచినవారికి అర్థమవుతుంది.

రెండవది పరిశుద్ధ మరియ ఆలయము. 1343లో మొదలై 1502లో పూర్తయింది. ప్రపంచములో ఇటుకతో కట్టిన అతి పెద్ద ఆలయాలలో ఇది ఒకటి. 25 వేలమంది పట్టగలరని చెబుతారు. రాయి దొరకని మైదానములో మట్టినే కాల్చి ఇంత ఎత్తు లేపారు. హాన్స్ డ్యూరింగర్ 1464-70 మధ్య చేసిన ఖగోళ గడియారము ఇందులో ఉన్నది. హాన్స్ మెమ్లింగ్ చిత్రించిన కడవరి తీర్పు పటము కూడా ఈ ఆలయ చరిత్రకు చెందినదే. ఇటలీకి వెళ్లవలసిన ఆ పటాన్ని 1473లో పౌల్ బెనెకె అనే గ్దాన్‌స్క్ ఓడ నాయకుడు సముద్రము మీద పట్టుకొని తెచ్చి ఆలయానికిచ్చాడు. దోచిన ఓడలోని తీర్పు పటాన్ని దేవుని మందిరములో పెట్టుకొన్న ఆ వర్తకులు దాని క్రింద నిలబడి ఏమని ప్రార్థించారో మనము ఆలోచించవలసినదే. ఇప్పుడు అసలు పటము నగరములోని జాతీయ మ్యూజియములో ఉన్నది. ఈ ఆలయము 1572 నుండి 1945 వరకు లూథరన్ల ఆధీనములో ఉండి, తరువాత రోమను కాథలిక్కులదైంది.

మూడవది పొడవాటి బజారు. దాని ఇరువైపుల ధనిక వర్తకుల ఇళ్లు, మధ్యలో 1633 నాటి నెప్ట్యూన్ ఫౌంటెన్, దాని వెనుక వర్తకులు కూడుకొన్న ఆర్టుస్ సభామందిరము ఉన్నాయి. ప్రక్క వీధిలో బాల్టిక్ తీరానికి ప్రసిద్ధి తెచ్చిన అంబరు నగల దుకాణాలున్నాయి. ఆ వీధుల మొదట 1612-14లో కట్టిన బంగారు ద్వారము ఉన్నది. దాని మీద 122వ కీర్తనలో యెరూషలేము క్షేమము కొరకైన ప్రార్థనను జర్మన్ భాషలో చెక్కారు. ఈ సంగతిని మనము గుర్తుపెట్టుకొందాము, తరువాత అవసరమవుతుంది.

నక్షత్ర శాస్త్రజ్ఞుడు హెవేలియుస్ (1611-1687) ఇక్కడివాడు. ఉష్ణమాపకముతో పేరుపొందిన ఫారెన్‌హీట్ 1686లో ఇక్కడే పుట్టాడు. మన పల్లెలలో జ్వరము నూటరెండున్నదని చెప్పుకొనే లెక్క ఈ నగరపు బిడ్డ ఇచ్చినదే.

4. గోడ వెలుపలి విశ్వాసులు

పదహారవ శతాబ్దములో నెదర్లాండ్స్‌లో పెద్దవారై విశ్వాసముతో బాప్తిస్మము పొందినవారిని, కత్తి పట్టమని చెప్పినవారిని రాజ్యము వేటాడింది. కొందరిని కాల్చారు, కొందరిని నీట ముంచారు. మెన్నో సైమన్స్ (1496-1561) బోధను అనుసరించిన ఈ విశ్వాసులకు మెన్నోనైట్లని పేరు వచ్చింది. వారిలో అనేకులు ధాన్యపు ఓడలు వచ్చిన దారినే తూర్పుకు ప్రయాణమై గ్దాన్‌స్క్ చేరారు. మెన్నో స్వయముగా ఈ ప్రాంతపు విశ్వాసులను దర్శించాడు. ఆయన సహచరుడు డిర్క్ ఫిలిప్స్ ఇక్కడి సంఘానికి పెద్దగా ఉన్నాడు.

నగరము వారిని లోపలికి రానివ్వలేదు. వారి పనితనము తమ జీవనోపాధికి పోటీ అవుతుందని వృత్తి సంఘాలు ఎదిరించాయి. లూథరన్ బోధకులు వారిని తప్పుబోధకులన్నారు. పౌరహక్కు దొరకలేదు, ప్రత్యేక పన్నులు మాత్రము వచ్చాయి. వారు నగర గోడ వెలుపల, ఒక కాథలిక్ బిషప్పు భూమి మీద ఉన్న శివారులో నివసించారు. లూథరన్ నగరము కాదన్నవారికి కాథలిక్ బిషప్పు చోటిచ్చాడు. ప్రేమతో ఇచ్చాడా, శిస్తు కొరకు ఇచ్చాడా అంటే రెండవదే ఎక్కువ అని చెప్పవలసి ఉంటుంది.

నగరానికి తూర్పున విస్తులా డెల్టా ఉన్నది. అందులో కొంత భూమి సముద్ర మట్టము కంటే దిగువన ఉంటుంది. అప్పట్లో అది బురద, రెల్లు, చలిజ్వరము. ఈ నేలను సాగులోకి తేవడానికి భూస్వాములు డచ్చి వలసదారులను పిలిచారు. వారు కరకట్టలు పోశారు, కాలువలు త్రవ్వారు, గాలిమరలతో నీరు తోడారు. ఎందరో ఆ బురదలోనే చనిపోయారు. 1642లో రాజు నాల్గవ వ్లాదిస్లావ్ వారి శ్రమను గుర్తించి వారి హక్కులను ధ్రువపరచాడు.

1616లో వచ్చిన ఆడమ్ వీబె అనే ఇంజనీరు గురించి ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఆయన మెన్నోనైట్ సమాజానికి చెందినవాడని చరిత్రకారులు చెబుతారు. 1644లో ఆయన ఒక గుట్ట మీది మట్టిని నది అవతలకు చేర్చడానికి స్తంభాల మీదుగా తాడు సాగదీసి దానికి వరుసగా బుట్టలు కట్టి నడిపించాడు. మన కూలీల నెత్తి మీది తట్టలు తాడు మీదకు ఎక్కినట్టు ఊహించుకోవచ్చు. ప్రపంచములో మొదటి కేబుల్ మార్గాలలో దానిని లెక్కిస్తారు. అయితే ఆ మట్టి వెళ్లింది నగరపు కోట బురుజు కట్టడానికి. కత్తి పట్టము అన్న సమాజపు నైపుణ్యము యుద్ధపు గోడకు పనికివచ్చింది. పనికివచ్చినంత వరకే మమ్మును ఉండనిస్తారు అనే స్థితిలో ఉన్నవారి ఇబ్బంది ఇది.

5. డాన్‌జిగ్ నుండి మొలోచ్నాకు, మొలోచ్నా నుండి నల్లగొండకు

1772లో పోలండ్ మొదటి విభజనలో డెల్టా ప్రష్యా రాజ్యానికి పోయింది. సైన్యములో చేరనందుకు మెన్నోనైట్లు ఏటా 5,000 థేలర్లు సైనిక పాఠశాలకు చెల్లించవలసి వచ్చింది. 1789లో కొత్త భూములు కొనడానికి ఆంక్షలు వచ్చాయి. భూమి లేని కుటుంబాలు పెరిగాయి. అదే కాలములో రష్యా రాణి రెండవ కేథరిన్ కొత్తగా చేర్చుకొన్న దక్షిణ మైదానాలకు రైతులను పిలుస్తున్నది. భూమి, మత స్వేచ్ఛ, సైనిక సేవ నుండి మినహాయింపు ఇస్తామన్నది. 1788లో డాన్‌జిగ్ ప్రాంతము నుండి ప్రయాణము మొదలైంది. మొదటి 228 కుటుంబాలు ద్నీపర్ నది దగ్గర ఖోర్టిట్సాలో స్థిరపడ్డాయి. 1804 నుండి మొలోచ్నాలో మరొక పెద్ద వలస గ్రామాల సముదాయము వెలిసింది. అవి రెండూ నేటి ఉక్రెయిన్‌లో ఉన్నాయి. మొలోచ్నా ఊళ్లలో అనేకానికి వారు విస్తులా డెల్టాలోని తమ పాత ఊళ్ల పేర్లే పెట్టుకొన్నారు. ఊరు విడిచినవాడు ఊరి పేరును మూట కట్టుకొని వెళ్తాడు.

1860 జనవరి 6న మొలోచ్నాలో 18 మంది కుటుంబ పెద్దలు ఒక పత్రము మీద సంతకాలు చేసి ఆత్మీయ ఉజ్జీవము కొరకు ప్రత్యేక సంఘముగా ఏర్పడ్డారు. అదే మెన్నోనైట్ బ్రదరన్ సంఘము. అందులో నుండి వచ్చిన అబ్రాహాము ఫ్రీసెన్ జర్మనీలో హాంబర్గ్ బాప్టిస్టు సెమినరీలో చదివి, 1889లో భార్యతో కలిసి ఇండియాకు బయలుదేరాడు. సొంత మిషను లేనందున అమెరికన్ బాప్టిస్టు మిషనుతో ఒప్పందము చేసుకొన్నారు. మొదట అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. తరువాత వచ్చిన రష్యా దంపతులు సూర్యాపేట, జనగామ మొదలైన చోట్ల పనిచేశారు. 1870లలో రష్యా నుండి అమెరికాకు తరలిన వారి బంధువుల సంఘాలు 1899లో ఎన్. ఎన్. హీబర్ట్ దంపతులను హైదరాబాదు రాజ్యానికి పంపాయి. నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, గద్వాల, జడ్చర్ల ప్రాంతాల సంఘాలు ఆ సేవలో ఏర్పడి పెరిగాయి.

మొదటి విశ్వాసులలో అధికులు మాల, మాదిగ వాడలవారు. ఊరికి వాడ వెలుపల ఉన్నట్టే, నగరానికి వారి సంఘము వెలుపల ఉండిన తరాల సంతానము ఈ మిషనెరీలు. ఈ పోలికను అతిగా లాగకూడదు. మెన్నోనైట్లకు భూమి ఉన్నది, చర్మపు రంగు ఉన్నది, నల్లగొండకు వచ్చేసరికి బంగళా, గుర్రము, దొర అనే పిలుపు కూడా ఉన్నాయి. అంటరానితనము వారు అనుభవించినది కాదు. అయినా గోడ వెలుపలి జ్ఞాపకము వారి బోధలో ఎక్కడైనా పలికిందా, లేక దొరతనము క్రింద అణగిపోయిందా అనేది మన సెమినరీ విద్యార్థులు పరిశోధించదగిన అంశము.

6. వెనుక మిగిలినవారు

వలస వెళ్లినవారి కథ మాత్రమే చెప్పి ఆపితే మన చరిత్ర స్తుతిగా మారిపోతుంది. డాన్‌జిగ్ పరిసరాలలో మిగిలినవారి సంగతి కూడా చెప్పాలి. నగరము 1800 తరువాత వారికి తలుపులు తెరిచింది. 1819లో నగరములో పూర్తయిన వారి ఆలయము నేటికీ నిలిచి ఉండి, పెంతెకొస్తు సంఘానికి ఉపయోగపడుతున్నది. 1867-68లో సైనిక మినహాయింపు పోయింది. కొందరు దేశము విడిచారు, ఎక్కువమంది సర్దుకొన్నారు. క్రమేణా వారు గోడ లోపలివారయ్యారు.

1939 సెప్టెంబరు 1న రెండవ ప్రపంచ యుద్ధము ఈ నగరపు ఓడరేవు దగ్గర వెస్టర్‌ప్లాటె మీద కాల్పులతోనే మొదలైంది. మరునాడే నాజీలు దగ్గరలోని డెల్టా అంచున ష్టుట్‌హోఫ్ నిర్బంధ శిబిరాన్ని తెరిచారు. అక్కడికి తెచ్చిన సుమారు 1 లక్షా 10 వేలమందిలో దాదాపు 65 వేలమంది చనిపోయారు. ఆ చుట్టుప్రక్కల మెన్నోనైట్ రైతులు కొందరు ఖైదీల చేత పొలము పని చేయించుకొన్నారని, శిబిరపు కావలివారిలోనూ మెన్నోనైట్ కుటుంబాలవారున్నారని ఇటీవలి పరిశోధకులు వెల్లడించారు. హతసాక్షుల మనుమల మనుమలు హింసకుల ప్రక్కన నిలిచారు. హింస పొందిన వంశములో పుట్టడము ఎవరినీ నీతిమంతులను చేయదని ఇది మనకు నేర్పుతున్నది. 1945లో డెల్టా మెన్నోనైట్లు దాదాపు అందరూ పారిపోయారు. నాలుగు వందల ఏండ్ల సంఘము అక్కడ ముగిసింది. నోవి ద్వూర్ గ్దాన్‌స్కి పట్టణములోని మ్యూజియము, కొన్ని సమాధి రాళ్లు, వరండాలున్న కొన్ని పాత చెక్క ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

అదే సంవత్సరము నగరపు పాత భాగము చాలావరకు కాలి కూలిపోయింది. నేడు సందర్శకులు మెచ్చుకొనే వీధులు ఆ తరువాత ఇటుక ఇటుకగా తిరిగి కట్టినవి. కట్టినవారిలోనూ అనేకులు ఇళ్లు పోగొట్టుకొని వేరే ప్రాంతాల నుండి వచ్చినవారే.

7. రెండు కీర్తనలు

గ్దాన్‌స్క్‌లో మరొక చూడదగిన స్థలము ఓడల కర్మాగారపు రెండవ గేటు ముందు ఉన్నది. 1970 డిసెంబరులో ధరల పెంపుకు వ్యతిరేకముగా వీధికెక్కిన కార్మికులను సైనికులు కాల్చారు. 1980 ఆగస్టులో అదే కర్మాగారములో సమ్మె జరిగి, ఆగస్టు 31న ప్రభుత్వము ఒప్పందానికి దిగివచ్చింది. దాని నుండి సాలిడారిటీ కార్మిక ఉద్యమము పుట్టింది. చనిపోయినవారి జ్ఞాపకార్థము 1980 డిసెంబరు 16న 42 మీటర్ల ఎత్తున మూడు సిలువలు, వాటి మీద లంగరులు నిలిపారు. అక్కడ 29వ కీర్తన చివరి వచనాన్ని కవి మీవోష్ అనువాదములో చెక్కారు. ప్రభువు తన ప్రజకు బలమిస్తాడని, సమాధానముతో దీవిస్తాడని చెప్పే వచనమది.

ఇప్పుడు బంగారు ద్వారము మీది 122వ కీర్తనను జ్ఞాపకము చేసుకొందాము. రెండింటిలోనూ ఉన్న మాట సమాధానము. వర్తకులు తమ ప్రాకారముల క్షేమము కొరకు ఆ మాట చెక్కించారు. ఆ ప్రాకారముల వెలుపల ఉన్న పరదేశి ఆ ప్రార్థనలో లేడు. మూడు శతాబ్దాల తరువాత కూలివారు తమ మృతుల పేరున అదే మాటను గేటు దగ్గర నిలిపారు. ఒకే వాక్యము ఎవరి నోట, ఎక్కడ నిలబడి పలుకుతున్నారనే దానిని బట్టి దాని బరువు మారుతుంది. ప్రసంగము సిద్ధపరచే మనకు ఇది ముఖ్యమైన సంగతి.

8. పాలమూరు కూలీ, మన సంఘము

పాలమూరు లేబరు అనే మాట దేశమంతా వినిపించిన మాట. గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీసుకొని, తట్ట, పార, గడ్డపారలతో భార్యాభర్తలు పిల్లలను చంకనెత్తుకొని వెళ్లి ఆనకట్టలు కట్టారు, కాలువలు త్రవ్వారు, రోడ్లు వేశారు. వారు త్రవ్విన కాలువ నీరు వేరేవారి పొలానికి పారింది. విస్తులా కరకట్టలు పోసినవారిలాగే వీరు కూడా ప్రతిచోట కావలసినవారే, ఎక్కడా ఊరివారు కారు. వారిలో మన సంఘ సభ్యులు ఎందరో ఉన్నారు.

నేడు పరిస్థితి మరొక మలుపు తిరిగింది. మన పట్టణాలలోని ఇళ్ల నిర్మాణానికి, మిల్లులకు, ఇటుక బట్టీలకు ఒడిశా, బీహారు మొదలైన రాష్ట్రాల కూలీలు వస్తున్నారు. ఊరి చివర రేకుల షెడ్లలో ఉంటున్నారు. మన ఆలయపు కొత్త భవనానికి ఇటుకలు మోసేవారు కూడా వారే కావచ్చు. గ్దాన్‌స్క్ వర్తకులు అడిగిన ప్రశ్నే మనమూ వారిని అడుగుతున్నాము: నీకు ఏ పని వచ్చు? ఆ ప్రశ్న తరువాత సంఘము అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. కూలి చేతికి అందిందా? పిల్లవాడు బడికి వెళుతున్నాడా? జ్వరమొస్తే ఎవరు చూస్తారు? ఆదివారము కూర్చోవడానికి వారి భాషలో చోటున్నదా? లేవీయకాండము 19వ అధ్యాయము పరదేశిని గూర్చి ఇశ్రాయేలుకు ఇచ్చిన ఆజ్ఞ వారు ఐగుప్తులో పరదేశులై ఉండిన జ్ఞాపకము మీద ఆధారపడి ఉన్నది. జ్ఞాపకము పోతే ఆజ్ఞకు వేరు ఉండదు.

ముగింపు

మనము గ్దాన్‌స్క్ నగరపు క్రేనును, ఆలయాన్ని, ద్వారాన్ని చూశాము. వాటిని కట్టిన సంపద ఎక్కడ నుండి వచ్చిందో, ఆ గోడ వెలుపల ఎవరు నిలబడ్డారో కూడా చూశాము. అలా నిలబడినవారి సంతతి ద్వారా సువార్త నల్లగొండకు వచ్చింది. అలా నిలబడినవారి సంతతిలోనే కొందరు లోపలికి చేరిన తరువాత గోడ వెలుపల చనిపోతున్నవారిని చూడలేకపోయారు. ఈ రెండూ మనకు సంక్రమించిన చరిత్రే. శతజయంతులు జరుపుకొన్న మన సంఘాలు ఇప్పుడు తమ పట్టణాలలో లోపలివారే. కాబట్టి సంఘ చరిత్ర బోధించే కాపరులు 1890తో మొదలుపెట్టక విస్తులా తీరముతో మొదలుపెట్టడము మంచిదని, ఆ పాఠము చెప్పిన వారములోనే విద్యార్థులను ఊరి చివరి రేకుల షెడ్ల దగ్గరకు తీసుకొని వెళ్లడము మరింత మంచిదని మా మనవి.